హెర్మన్ రోర్షాక్: సిరా మరకల వైద్యుడు

ఎదుట ఉన్న వస్తువును గుర్తించుట కన్ను చేసే పనియా, బుద్ధి చేసే పనియా? తత్త్వవేత్తల ఈ ప్రశ్నను మానసిక రోగుల పడక వద్దకు తీసుకొనివచ్చిన ఘనత హెర్మన్ రోర్షాక్‌ది.

ఆయన 1884 నవంబరు 8న స్విట్జర్లాండులోని జూరిక్‌లో జన్మించి, షాఫ్‌హౌజెన్ పట్టణంలో పెరిగారు. తండ్రి చిత్రలేఖన ఉపాధ్యాయుడు. మడిచిన కాగితంలో సిరా చుక్కను అదిమి బొమ్మ చేయుట నాటి పిల్లలకు పరిచితమైన ఆట. విచిత్రమేమనగా, విద్యార్థి దశలో మిత్రులు ఆయనకు పెట్టిన ముద్దుపేరుకు సిరా మరక అనియే అర్థం!

స్కిజోఫ్రీనియా అనే పదాన్ని 1908లో ప్రవేశపెట్టిన బ్లాయిలర్ వద్ద జూరిక్‌లో ఆయన శిక్షణ పొందారు. ఒక ఇంద్రియానికి కలిగిన ప్రేరణ మరొక ఇంద్రియంలో భ్రాంతిని ఎట్లు లేపునో 1912లో సిద్ధాంత వ్యాసంగా వ్రాశారు. 1915 నుండి హెరిసావు మానసిక వైద్యశాలలో పనిచేశారు. భార్య ఓల్గా కూడా వైద్యురాలే. ఆమె రష్యా దేశీయురాలు.

హెరిసావులో ఆయన సిరా మరకలను చూపి, ఇది ఏమై ఉండవచ్చునని మాత్రమే అడిగేవారు. ఇది ఊహాశక్తికి పరీక్ష కాదని ఆయన దృఢాభిప్రాయం. చూపునకు అందిన ఆకారాన్ని జ్ఞాపకంలోని ఆకారాలతో పోల్చి సరిచూచుటయే గ్రహణమని ఆయన భావించారు. అందువలన రోగి ఏమి చూచెననుటకంటే ఎట్లు చూచెననునదే ఆయనకు ముఖ్యం. ఆయన పరీక్షించిన 405 మందిలో 188 మంది స్కిజోఫ్రీనియా రోగులు. వారి సమాధానాలలో అనేకం మరక ఆకారానికి పొసగలేదు. కొందరు ఒక చిన్న భాగాన్ని బట్టి మొత్తం మరకకు పేరు పెట్టారు. మరికొందరు ఒకేచోట తోచిన రెండు రూపాలను కలిపివేసి, లోకంలో లేని మూడవదానిని చెప్పారు. ఆరోగ్యవంతులు తాము పోల్చి చెప్పుచున్నామని ఎరుగుదురు. పలువురు రోగులకు ఆ ఎరుక లేదు. నా దృష్టిలో ఆయన పరిశీలనలన్నింటిలో ఇదియే లోతైనది.

గ్రంథం 1921లో పది మరకలతో వెలువడినది. ముద్రణలో అనుకోకుండా ఏర్పడిన నీలినీడలు సైతం ఆయనకు నూతన పరిశోధనాంశములుగా తోచాయి. కాని వ్యవధి ఏది? 1922 ఏప్రిల్ 2న, అపెండిసైటిస్ విషమించి, 37వ ఏట ఇద్దరు పసిబిడ్డలను విడిచి కన్నుమూశారు.

తరువాత ఇతరులు ఆ మరకలతో మనిషి గుట్టంతా చెప్పబూని, పరీక్షను సోదె స్థాయికి దిగజార్చారు. 2013లో ప్రచురితమైన ఒక విస్తృత సమీక్షలో ఆ పరీక్షాంశములు పెక్కింటికి తగిన ఆధారం లభించలేదు. గ్రహణ దోషాన్ని, ఆలోచనా వైకల్యాన్ని కొలిచే అంశములకు మాత్రం బలమైన ఆధారం లభించినది.