లెక్కపెట్టడం నేర్పిన డాక్టరు – రోనాల్డ్ రాస్

ఊళ్ళో ఏదైనా జబ్బు వచ్చిందంటే మనం మొదట అడిగేది మందు ఉందా అని. ఎంతమందికి వచ్చింది, పోయినేటి కంటే పెరిగిందా తగ్గిందా, ఆ సంగతి మనకెలా తెలిసింది అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ రెండో రకం ప్రశ్నను పట్టుకుని జీవితంలో సగభాగం గడిపినవాడు ఒకడున్నాడు. అతని పేరు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. సికింద్రాబాదులో దోమ కడుపు కోసి మలేరియా రహస్యం కనిపెట్టిన సర్ రోనాల్డ్ రాస్. ఐతే పాఠ్యపుస్తకం ఆ దోమ దగ్గరే ఆగిపోతుంది. రాస్ మాత్రం అక్కడ ఆగలేదు.

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ళకే చదువుకోసం ఇంగ్లండు పంపించారు. అతనికి కవిత్వమన్నా, బొమ్మలు వేయడమన్నా, లెక్కలన్నా ప్రాణం. వైద్యమంటే ఇష్టం లేదు. ఐనా తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆస్పత్రిలో చేరాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం వచ్చింది. మద్రాసు రాజధాని, బెంగుళూరు, బర్మా, అండమాన్ – ఇలా తిరిగాడు. తీరిక దొరికితే నవలలు, పద్యాలు రాసుకోవడం, లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం. ఇష్టంలేని కోర్సులో సీటొచ్చి చేరిన మిత్రులు మనలోనూ ఉన్నారు కదా! వాళ్ళకి ఈ కథ కొంచెం ధైర్యం ఇవ్వాలి. ఎందుకంటే రాస్ చివరికి గొప్ప పని చేసింది తనకిష్టమైన ఆ లెక్కలను, ఇష్టంలేని ఆ వైద్యాన్ని కలిపే.

బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. తన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయని వెతికితే, కిటికీ బయట ఉన్న నీళ్ళ తొట్టిలో పిల్లపురుగులు కదులుతున్నాయి. తొట్టి బోర్లించాడు, దోమలు తగ్గాయి. మెస్‌లో కూడా ఇలాగే చేద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదు. దోమలున్నది సృష్టిలో ఏదో ప్రయోజనానికే అని అతని వాదన. అప్పటికి దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని రాస్‌కి కూడా తెలియదు. కానీ తొట్టి బోర్లిస్తే తగ్గిందన్న మాట మనసులో నిలిచిపోయింది.

1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని చూశాడు. 1894లో రాస్ సెలవుమీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు దాన్ని సూక్ష్మదర్శినిలో చూపించి, ఇది దోమలోకి పోతుందేమో చూడమని దారి చెప్పాడు. మరుసటి ఏడు రాస్ సికింద్రాబాదు చేరాడు. అక్కణ్ణుంచి ఇద్దరి మధ్యా వందకు పైగా ఉత్తరాలు నడిచాయి.

ఆ పని ఎంత కష్టంగా సాగిందో ఇప్పుడు ఊహించుకోవడం కూడా కష్టమే. మొదట్లో అతను పట్టుకున్నవన్నీ మలేరియాను మోయని జాతుల దోమలు. నెలల తరబడి కోసినా ఏమీ కనిపించలేదు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపించారు. ఊటీ దగ్గర సిగూరు కనుమలో తిరిగి తానే మలేరియా తెచ్చుకున్నాడు. 1897లో మళ్ళీ సికింద్రాబాదు వచ్చి, బేగంపేట ఆస్పత్రిలో కూర్చున్నాడు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని పంకా ఆపేసేవాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి.

ఆగస్టు 16న రెక్కల మీద మచ్చలున్న దోమల్ని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికిచ్చిన కూలి. 20వ తేదీన కోసిన దోమ కడుపు గోడలో నల్లరంగు గింజలున్న కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి పెరుగుతున్నాయి. దోమలోకి పోయిన పరాన్నజీవి బతికే ఉంది! అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు. ఒక్కో కాటుకి ఒక్కో అణా తీసుకున్న ఆ రోగిని మాత్రం ఆ రోజున తలుచుకునేవాళ్ళు తక్కువే.

తర్వాత రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియా దోమకాటు ద్వారా ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి పోతుందని పూర్తిగా రుజువు చేశాడు. 1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల మలేరియా విషయంలో ఘనత ఎవరిదని ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీతో జన్మంతా తగువులాడాడు. రాస్ తగవుమారి మనిషి, అది దాచనక్కరలేదు.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా అనే ఊరుంది. 1902లో రాస్ సలహా మీద అక్కడి నీళ్ళ గుంటలు పూడ్చారు, చమురు చల్లారు, క్వినైన్ కూడా పంచారు. ఆ ఏడు 1,551 మలేరియా కేసులు, 1903లో 214, 1904లో 90. అదే రోజుల్లో లాహోరు దగ్గర మియాన్ మీర్ దండులో చేసిన ప్రయత్నం విఫలమైందని అధికారులు తేల్చేశారు. దోమల్ని తగ్గించడం దండగ అన్నవాళ్ళకి అదొక ఆయుధమైంది. రాస్ మండిపడ్డాడు. దోమలు ఎన్ని ఉండేవి, ఎన్ని తగ్గాయి, మనుషుల్లో జబ్బు ఎంతుండేది – ఇవేవీ సరిగ్గా కొలవకుండా గెలిచామనిగానీ ఓడామనిగానీ ఎలా చెబుతారని అతని వాదన. లెక్క లేని చోట ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గుతుంది. దాని ఫలితం అనుభవించేది మాత్రం జ్వరంతో వణికే పేదవాడు.

1907 చివర రాస్ మారిషస్ దీవికి వెళ్ళాడు. 1860 దశాబ్దంలో మలేరియా ప్రవేశించి వేలమందిని పొట్టన పెట్టుకున్న దీవి అది. చెరకు తోటల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువగా మనదేశం నుంచి వెళ్ళిన కూలీలు, వాళ్ళ సంతానం. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. దీవిలో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవాలంటే ఎట్లా? ఆస్పత్రి లెక్కలు చాలవు; ఆస్పత్రికి రానివాళ్ళే ఎక్కువ. అందుకని బడుల్లో, తోటల్లో వేలమంది పిల్లల్ని వరసగా నిలబెట్టి కడుపు తడిమి చూశారు. మన పల్లెల్లో కడుపులో బల్ల అంటారే, ఆ ప్లీహం వాపు ఎంతమంది పిల్లల్లో ఉందో వందకింత అని లెక్క కట్టారు. ఈ పద్ధతి రాస్ కనిపెట్టింది కాదు. 1840 దశకంలోనే పంజాబు కాలువల ప్రాంతంలో డెంప్‌స్టర్ అనే వైద్యుడు వాడాడు. కానీ దాన్ని ఏటేటా పోల్చి చూసుకునే కొలతగా నిలబెట్టి, దాని వెనక గణితం పెట్టింది రాస్.

ఆ గణితాన్ని మన హాస్టలు నీళ్ళ తొట్టితో చెప్పుకోవచ్చు. పైన కొళాయి నుంచి పడే నీళ్ళు కొత్తగా జబ్బు సోకినవాళ్ళు. కింద తూము నుంచి పోయే నీళ్ళు నయమైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు. ఏ రోజున చూసినా కనిపించే మట్టం ఆనాడు జబ్బుతో ఉన్నవాళ్ళ సంఖ్య. మట్టం, ధార ఒకటి కావు. మట్టం ఎక్కువుందంటే ధార పెరిగి ఉండవచ్చు, తూము మూసుకుపోయి ఉండవచ్చు. అంటువ్యాధిలో ఇంకో చిక్కు కూడా ఉంది – మట్టం పెరిగినకొద్దీ ధారా పెరుగుతుంది. జబ్బున్నవాడి నుంచే కదా కొత్తవాడికి వచ్చేది! 1908 నివేదికలోనూ, 1911లో వచ్చిన మలేరియా నివారణ గ్రంథం రెండో కూర్పులోనూ రాస్ దీన్నే సమీకరణాలుగా రాశాడు. తేలిందేమిటంటే, దోమల్ని ఒక్కటీ మిగలకుండా చంపనక్కరలేదు. ఒక హద్దు కంటే తగ్గిస్తే చాలు, జబ్బు తనంతట తానే క్షీణిస్తుంది. ఆ రోజుల్లో డాక్టర్లకి లెక్కలు రావు, లెక్కలవాళ్ళకి జబ్బులు పట్టవు. ఆ పని విలువ లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ లెక్క దోమలకే పరిమితం కాదు. 1893లోనే అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అనేవాళ్ళు పశువుల జ్వరాన్ని పిడుదులు మోస్తాయని చూపించారు. మన ఆవుల చెవుల్లో, కుక్కల మెడల్లో పట్టుకుని ఉండే పిడుదులే, గోమార్లు అని కూడా అంటాం. రాస్ పనిచేసిన లివర్‌పూల్ విద్యాలయం నుంచే డటన్ అనే యువకుడు కాంగో వెళ్ళి, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే ఒక జ్వరం పిడుదుల వల్ల వస్తుందని తేల్చాడు. అదే జ్వరంతో 1905లో అక్కడే ప్రాణాలు విడిచాడు. ఆ జ్వరాన్ని తెచ్చే మెలికల సూక్ష్మజీవికి బంధువే లైమ్ వ్యాధి క్రిమి. దాని స్వరూపం 1982లో బయటపడింది. అది నరాలకు ఎక్కితే మూతి వంకర పోవడం, మెదడు పొరలు వాయడం లాంటివి వస్తాయి. ఏటేటా అది పెరుగుతోందా అని తెలుసుకోవడం ఐరోపా దేశాలకు పెద్ద సమస్య అయింది. చర్మం మీది మచ్చను ఒక డాక్టరు నమోదు చేస్తాడు, ఇంకొకడు మందిచ్చి ఊరుకుంటాడు. అందుకే 2018లో ఐరోపా సమాఖ్య, వెన్ను నీటి పరీక్షతో నిర్ధారించగలిగిన ఆ నరాల జబ్బునే అన్ని దేశాలూ లెక్కించాలని నిర్ణయించింది. అందరి కొలబద్దా ఒకటైతేనే పోలిక నిలుస్తుంది. మియాన్ మీర్ గురించి రాస్ వాదించిందీ ఇలాంటి మాటే కదా!

మనకు దూరమైన సంగతులు కావివి. 1957లో పొరుగున షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతుంటే, పిడుదులు మోసే కొత్త వైరస్ బయటపడింది. ఆ జ్వరం కొందరిలో తగ్గినట్టే తగ్గి, మళ్ళీ తలనొప్పితో, మెడ బిగుసుకుని మెదడును తాకుతుంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వెల్లూరులో 1955లో జపనీస్ మెదడువాపు మనదేశంలో మొదటిసారిగా గుర్తించారు. పిడుదుకు దగ్గర చుట్టమైన చిన్న నల్లి జాతి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ మన జిల్లాల్లోనూ ఉంది. సకాలంలో మందు పడకపోతే అదీ మెదడుకు ఎక్కుతుంది.

మరి వీటిని ఏటేటా ఎలా పోల్చాలి? పరీక్ష లేని ఏడు కేసులు తక్కువ, పరీక్ష వచ్చిన ఏడు కేసులు ఎక్కువ. తొట్టి మూత తీశాక కనిపించిన నీళ్ళు అప్పుడే పడ్డవి కావు గదా! ఇంకో చిక్కు చూడండి. రాస్ గ్రంథం రెండో కూర్పు వచ్చిన 1911లోనే ఉత్తర ఆర్కాటు నుంచి విడదీసిన తాలూకాలకు కడప జిల్లా మదనపల్లెను కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది, గూడూరు వైపు నెల్లూరు నుంచి వచ్చి కలిసింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది. జిల్లా పేరు చూసి పాత అంకెను కొత్త అంకెతో పోల్చితే తప్పులో కాలేసినట్టే. ఎంతమంది జనాభాలో ఇంతమంది అన్న లెక్క ఉండాలి. అదే ఊళ్ళు, అదే పద్ధతి ఉండాలి.

రాస్ 1911లో సర్ బిరుదు అందుకున్నాడు. 1926లో లండన్‌లో అతని పేర ఒక సంస్థ వెలిసింది. 1932 సెప్టెంబరు 16న అక్కడే కన్నుమూశాడు. బేగంపేటలో అతను పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చి, అతని పేరే పెట్టుకుంది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒకసారి చూసి రండి.

రాస్ సామ్రాజ్యపు ఉద్యోగి. రోగికి అణాలిచ్చి దోమలతో కుట్టించినవాడు. ఈనాటి నీతితో తూస్తే తప్పులున్నాయి. ఐనా అతను నేర్పిన ఒక మాట మనకు కావాలి. లెక్కలోకి రాని రోగికి మందు కూడా రాదు. తలకోన అడవి అంచున మేకలు కాసే పిల్లవాడికి జ్వరమొచ్చి, మాట తడబడి, పేరులేని జబ్బుతో పోతే, ఆ ఏటి పట్టికలో అతని చోట సున్నా ఉంటుంది. ఆ సున్నాను చూసి పైవాళ్ళు ఇక్కడ జబ్బే లేదనుకుంటారు. రేపు మీలో కొందరు డాక్టర్లవుతారు, కొందరు గణితం చెబుతారు, కొందరు పశువైద్యులో, పంచాయతీ ఉద్యోగులో అవుతారు. ఎక్కడున్నా ఊరు, తేదీ, వయసు, చేసిన పరీక్ష – ఈ నాలుగూ రాసిపెట్టండి. సికింద్రాబాదులో చెమటలు కక్కుతూ రాస్ మొదలుపెట్టిన పనిలో మన వంతు అదే.