వీణ ధనమ్మాళ్

సంగీతము నేర్చుకొను బాలబాలికలయందు తఱచుగా ఒక లోపము కానవచ్చుచుండును. తాళము తప్పుదుమేమో యను భయముచే వారు పాటను ముందుకు తఱుముదురు. దెబ్బ పడకమునుపే అక్షరమును పలికి, వేగమే విద్యయని భ్రమింతురు. అట్టివారు తప్పక తెలిసికొనదగిన చరిత్ర వీణ ధనమ్మాళ్‌ది.

ఈమె 1867వ సంవత్సరమున చెన్నపట్టణమునందలి జార్జిటౌనులో జన్మించెను. తంజావూరు రాజాస్థానమున నృత్యగానములకు పేరుగాంచిన వంశము ఈమెది. మాతామహి కామాక్షి నర్తకి. తల్లి సుందరమ్మాళ్ శ్యామశాస్త్రిగారి కుమారులగు సుబ్బరాయశాస్త్రిగారి శిష్యురాలు. ధనమ్మాళ్ సాతనూరు పంచనదయ్యరుగారి వద్ద ముత్తుస్వామి దీక్షితుల కృతులను, బాలదాసు నాయుడుగారి వద్ద పదములను అభ్యసించెను.

ఈమెకు విశేషకీర్తి తెచ్చినవి క్షేత్రయ్య పదములు. కృష్ణా మండలమునందలి మొవ్వ గోపాలుని పేర వెలసిన ఆ తెలుగు పదములకు మన మధురతో సంబంధము కలదు. 1623 మొదలు 1659 వరకు ఈ నగరము నేలిన తిరుమల నాయకుని కొలువున తాను పాడినట్లు క్షేత్రయ్య ఒక పదమున చెప్పుకొనెను. రెండు శతాబ్దములకు పైగా గడచిన పిమ్మట ఆ పదములే తమిళదేశమున పుట్టి పెరిగిన ఈమె వీణపై పలికినవి.

ఈమె వాద్యమునందలి మర్మమేమి? వీణకు 24 మెట్లు, రాగము పలికించుటకు 4 తంత్రులు, తాళమునకు 3 తంత్రులు ఉండును. చిటికెనవ్రేలు తాళతంత్రులను మీటుచుండగా తక్కిన వ్రేళ్లు పాటను నడపును. ధనమ్మాళ్ వట్టి వ్రేళ్లతో, మిక్కిలి మెత్తగా మీటెడిది. వీణతోపాటు తానును పాడెడిది. విలంబకాలమున నడచు పదమునందు దెబ్బ పడినంతనే స్వరము దానిపై దుముకదు. ఎడమచేతి వ్రేలు తంత్రిని ప్రక్కకు లాగగా స్వరము మెల్లగా ఊగి, దెబ్బ దాటిన పిదప తన చోట నిలుచును. దెబ్బ తరువాత లెక్కప్రకారము పాట నెత్తుకొనుటను శాస్త్రజ్ఞులు అనాగతమందురు. ఇది అట్టి లెక్క కాదు, నడకలోని విశ్రాంతి. పాశ్చాత్యదేశములందు గిటారు వాయించు జాజ్ విద్వాంసులును ఇట్టి నిదానమునే కోరుదురు.

దీనిని ఆలస్యమని తలంపరాదు. తాళమెఱుగనివాడు వెనుకబడిన తప్పు. ఎఱిగినవాడు వెనుకకు వ్రాలిన సొగసు. కనుక అభ్యాసకుడు మొదట చేతితో తాళము వేయుచు ప్రతి అక్షరమును దెబ్బపైననే నిలుపవలెను. పిమ్మట కాలమును తగ్గించి, చేతిని ఏమాత్రము సడలనీయక, గొంతును గాని తంత్రిని గాని కొంచెము వెనుకగా విడువవలెను. ఆవర్తము తిరిగి వచ్చునప్పటికి రెండును కలిసికొనవలెను. చేయి కూడ వెనుకపడినచో అది సొగసు కాదు, సోమరితనమే.

శుక్రవారపు సాయంకాలములందు ధనమ్మాళ్ తన ఇంటనే వాయించెడిది. మృదంగము ఉండెడిది కాదు. తాళము ఆమె లోననే ఉండెను. గొప్ప విద్వాంసులును వచ్చి నిశ్శబ్దముగా కూర్చుండి వినెడివారు. కడపటి కాలమున కంటిచూపు పోయెను, ధనలోపము బాధించెను. అయినను ఆమె జనరంజనమునకై కాలమును పెంచలేదు. 1938 అక్టోబరు 15వ తేదీన స్వర్గస్థురాలయ్యెను. ఆమె దౌహిత్రీ వంశమున బృంద, ముక్త గానమునందును, బాలసరస్వతి నాట్యమునందును ఆ నిదానమును నిలిపిరి. 2010లో భారత తపాలాశాఖ ఆమె పేర బిళ్ల వెలువరించెను.

విద్యార్థులారా! మధుర, కోయంబత్తూరు ప్రాంతములందలి మన ఇండ్లలో తెలుగు, వీధిలో తమిళము. తరగతిలో తెలుగుపాఠము చదువునప్పుడు మీలో కొందఱు, ఎవరో తఱుముచున్నట్లు, అక్షరములను మ్రింగి ముగించుట మేము వినుచున్నాము. తమిళదేశపు వీణ మన పదములోని ఒక్కొక్క అక్షరమునకు ఎంత చోటిచ్చినదో తలంచుడు. తల్లిదండ్రులారా! ఆమె వాద్యము గ్రామఫోను పలకలపై కొంత మిగిలియున్నది. ఒక సాయంకాలము మీ బిడ్డలతో కూర్చుండి వినుడు. మఱునాడు వారిచేత ఒక తెలుగు పద్యమును మెల్లగా చదివించుడు.