డి.డి. కాలనీ దుర్గాబాయమ్మ గారు

నల్లకుంటలో గదులు తీసుకుని చదువుకుంటున్న మా బోటివాళ్ళం రోజూ డి.డి. కాలనీ పేరు వింటూనే ఉంటాం. ఆ రెండు ‘డి’లు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారివని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా స్వాతంత్ర్య సమరయోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు అని చెప్పి ఊరుకుంటారు. నేను రాయదలచింది ఆమె పసిపిల్లలకూ, బడికి దూరమైన పిల్లలకూ చేసిన పని గురించి.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పదిహేనో ఏట ఆ కాపురం వద్దనుకున్నారు. ఇంగ్లీషు మాధ్యమం నచ్చక పన్నెండేళ్ళకు బడి మానేసి, ఆడపిల్లలకు తానే హిందీ పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని గుమ్మంలోనే ఆపిన కథ అందరూ విన్నదే, మళ్ళీ చెప్పను. ఆపైన ఉప్పు సత్యాగ్రహం, జైలు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. మానేసిన చదువు మళ్ళీ పట్టి ఎం.ఏ., లా కూడా పూర్తిచేశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటేటి నుంచి ఆ మండలి పల్లెల్లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలుపెట్టింది. బాలింతల సంరక్షణ, ఆడవాళ్ళకు చదువు, చేతిపనులు, వాటితోపాటు బాలవాడి. తల్లి పొలానికి పోతే మూడు నాలుగేళ్ళ బిడ్డను కూర్చోబెట్టి ఆటా పాటా నేర్పే చోటన్నమాట. అంగన్‌వాడీలు 1975లో గాని రాలేదు. మాది సేద్యం ఇల్లు. నారుమడిలో చెయ్యాల్సిన పని నాట్లయ్యాక చేస్తానంటే కుదరదు. దుర్గాబాయమ్మ గారికి ఆ అదను తెలుసు.

అంతటితో ఆగలేదు. అంధుల సహాయ సంఘం అధ్యక్షురాలిగా అంధులకు హాస్టలుతో కూడిన బడి, లైట్ ఇంజనీరింగ్ వర్క్‌షాపు పెట్టించారు. మద్రాసులో మహిళా సభ వారి ఆర్థోపెడిక్ కేంద్రం పోలియో పిల్లలకు చికిత్సా చదువూ రెండూ అందించింది. కాళ్ళు బాగయ్యాకే పలక పట్టాలనే నియమం లేకుండా! నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

ఎందుకంటే మా చిన్నాన్న కూతురికి పుట్టుకతోనే వినపడదు. మూడేళ్ళపాటు అంగన్‌వాడీలో ఒక మూల కూర్చుని, అన్నం తిని ఇంటికొచ్చేది. గొడవ చెయ్యదు, మంచి పిల్ల అనేవాళ్ళు. భాష బాగా పట్టుబడేది పసితనపు తొలి ఏళ్ళలోనే అని జువాలజీ క్లాసులో విన్నరోజు నాకు అన్నం సయించలేదు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ బడుల ఆవరణల్లో భవిత కేంద్రాలున్నాయి. మా ఊరికి అది రెండు బస్సుల దూరం. కలుపుతీతల రోజుల్లో పిన్ని కూలి మానుకుని ఎన్నిసార్లు తీసుకుపోగలదు?

దుర్గాబాయమ్మ గారికి 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడు భర్త చింతామణి దేశ్‌ముఖ్ గారికీ వచ్చింది. ఆమె 1981 మే 9న కన్నుమూశారు. 2014లో మన దేశానికి పోలియో లేదనే ధ్రువపత్రం దక్కింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను హక్కుగా రాసింది, ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు. మూడేళ్ళ బిడ్డకు ఆ హక్కు ఇంకా రాసిపెట్టలేదు. మా చెల్లికి మొన్న సంక్రాంతికి ఏడు నిండాయి.