విద్యాలయమున మౌనమునకు చోటు

పాఠమునకు ముందు శిష్యుడు మనస్సును కుదుర్చుకొనవలెననుట మన గురుకులములకు క్రొత్త కాదు. కాని నానామతముల విద్యార్థులు ఒక్కచోట కూర్చుండు ఆధునిక విశ్వవిద్యాలయమున ఆ నియమమునకు చోటు కల్పించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చూపిన మహనీయులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

వారు 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, హిందూధర్మముపై మిషనరీలు చేయు విమర్శలు వారి మనస్సును కలచినవి. అందలి సత్యాసత్యములను తేల్చుకొనుటకై వారు మన దర్శనగ్రంథములను శ్రద్ధతో పఠించిరి. 1908లో ఎం.ఏ. పట్టమునకై వ్రాసిన వ్యాసమునకు వేదాంతమునందలి నీతియే విషయము.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులై, పిదప మైసూరు, కలకత్తాలలో తత్త్వశాస్త్రమును బోధించిరి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతులు. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవి లభించెను. 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులై, ఆదివారములందు గీతను గూర్చి ప్రసంగించుచుండిరి.

1948 నవంబరులో భారత ప్రభుత్వము విశ్వవిద్యాలయ విద్యాసంఘమును నియమించి వారిని అధ్యక్షులను గావించెను. ఆ పదిమందిలో జాకీర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా మొదలగువారును, ఇంగ్లండు, అమెరికా దేశముల విద్యావేత్తలును ఉండిరి. కేవలము ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదను నియమము రాజ్యాంగమున రూపొందుచున్న కాలమది. మతబోధతోపాటు అంతర్ముఖ సాధనయు విద్యాలయమును వీడవలసినదేనా?

అక్కరలేదని 1949 నాటి నివేదిక తెలిపెను. ప్రతి విద్యాసంస్థయు కొన్ని నిమిషముల మౌనధ్యానముతో దినకార్యమును ఆరంభింపవలెను. పట్టపరీక్షకు చదువువారు మొదటి యేట బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానక్, గాంధీ మున్నగువారి చరిత్రలను, రెండవ యేట సర్వమత గ్రంథములలోని విశ్వజనీన భాగములను, మూడవ యేట మతతత్త్వ సమస్యలను అభ్యసింపవలెను.

ఈ క్రమము గమనింపదగినది. మౌనము మొదటిది, తర్కము కడపటిది. ఏ మంత్రమును ఎవరిపైనను మోపని ఆ మౌనమున హిందువు, మహమ్మదీయుడు, క్రైస్తవుడు, నాస్తికుడు సమానులు. 1960లో శ్రీప్రకాశ సంఘమును ఇట్టి సూచననే చేసెను. ధ్యానాభ్యాసము 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో చికిత్సలో భాగముగా ప్రవేశించుటకు ముప్పది యేండ్లకు పూర్వమే మన దేశమున ఈ యోచన కలిగెను.

రాధాకృష్ణన్ గారు 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి పదవి నలంకరించి, 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కీర్తిశేషులైరి. వారి జన్మదినమున ఏటేట ఉపాధ్యాయులను సత్కరించుచున్నాము. గంట మ్రోగినంతమాత్రమున తరగతిలో నిశ్చలత కలుగదు. బోధించువాడు ముందుగా తాను కుదురుకొని యుండవలెను. ఆ నాలుగు నిమిషములు తానును విద్యార్థులతో కలసి కన్నులు మూసికొని కూర్చుండు ఉపాధ్యాయుడే ఆ మహనీయుని నిజముగా స్మరించినవాడు.