రహీం సాహెబు గారు – ఏ ఆటగాడిని ఎక్కడ నిలపాలో తెలిసిన మాస్టారు

అసర్ నమాజు అయ్యాక పర్చూరులో మన పిల్లలు ఖాళీ స్థలం కనబడితే చాలు, బంతి తీసుకొని పోతారు. ఎక్కువగా క్రికెట్టే గాని, ఎప్పుడైనా ఫుట్‌బాల్ కూడా ఆడతారు. ప్రతి జట్టులోనూ ఒక కుర్రాడు మిగతావారి కన్నా చురుగ్గా ఉంటాడు. ఇద్దర్ని తప్పించుకొని పోతాడు, ఎవరూ చూడని సందులోంచి బంతి అందిస్తాడు. వాణ్ణి గోలు ముందు నిలబెడితే అక్కడికి బంతే రాదు. వెనక నిలబెడితే వాడి నేర్పంతా బంతి లాక్కోవడంలోనే అయిపోతుంది. చివరికి వాడు అన్నిచోట్లా పరుగెత్తి అలసిపోతాడు, మనం వాడికి నిలకడ లేదని తేల్చేస్తాం. తప్పు వాడిదేనా అని మేము చాలాసార్లు అనుకున్నాము. అందుకే ఈ ప్రత్యేక సంచికలో హైదరాబాదు వాస్తవ్యులు మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గారి జీవితాన్ని సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేయదలచాము.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, అక్కడి జట్టులో ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి చివరిదాకా ఆ బాధ్యత మోశారు. ఆయన పెద్ద ఆటగాడిగా పేరు పొందినవారు కారు. ఆయన పేరంతా నేర్పడంలోనే ఉంది.

నేర్పిన పద్ధతి చూడండి. బంతిని కాలితో తిప్పుతూ ముందుకు పోరాదు, రాగానే ఇంకొకరికి అందించాలి అనే షరతుతో పోటీలు పెట్టారు. అలవాటులేని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాని ఎవడి చూపు ముందుగా పోతుందో, ఎవడికి రెండు కాళ్ళూ పనిచేస్తాయో ఇట్లాంటి పోటీలోనే బయటపడుతుంది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు గురువు వారే.

ఆ రోజుల్లో జట్టులో అయిదుగురు ఫార్వర్డులుండేవారు. మధ్యలో సెంటర్ ఫార్వర్డు, అంచుల్లో ఇద్దరు, మధ్యకూ అంచుకూ నడుమ ఇన్‌సైడ్ ఫార్వర్డులు ఇద్దరు. ఈనాడు ఎటాకింగ్ మిడ్‌ఫీల్డరు అంటున్నది దాదాపు ఆ ఇన్‌సైడ్ వాడినే. అతను హాఫ్‌బ్యాకుల దగ్గరకు దిగి బంతి తీసుకోవాలి, మళ్ళీ గోలు దగ్గరకు చేరాలి. 1953లో హంగేరీ జట్టు తన సెంటర్ ఫార్వర్డు హిడెకుటిని వెనక్కి దించి, లండనులోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. అతన్ని ఎవరు కాపలా కాయాలో ఇంగ్లండు వారికి తోచలేదు. లోకమంతా అప్పుడు ఆలోచనలో పడింది. రహీం సాహెబు కూడా ఈ కొత్త పోకడలను శ్రద్ధగా గమనించినవారే.

భారత జట్టు శిక్షకుడిగా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో బంగారు పతకం సాధించారు. మరుసటి ఏడాది హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం. మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి పోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రాడు రహీం సాహెబు కంటబడ్డాడు. పోలీసువారు పారేసిన పాత బూట్లను బాగుచేయించుకొని ఆడుకున్నవాడు. హైదరాబాదుకు రానూపోనూ ఖర్చుకు కూడా ఇబ్బందిపడితే రహీం సాహెబే సైకిలు అద్దెకు దారి చూపారని చెబుతారు. ఇరవై ఏళ్ళకే బలరాం మెల్‌బోర్న్ వెళ్ళాడు. అతనికి ఇన్‌సైడ్ లెఫ్టు చోటు కొట్టిన పిండి. చిక్కేమంటే, బెంగాలు నుంచి వచ్చిన చునీ గోస్వామి గారిదీ అదే చోటు! ఇద్దరూ రత్నాలే. ఒకణ్ణి కూర్చోబెట్టడం తేలిక, చాలామంది అట్లాగే చేసేవారు. రహీం సాహెబు చునీని లోపల ఉంచి బలరాంను చాలాసార్లు ఎడమ అంచుకు పంపారు. అంచున నిలబడ్డా బలరాం లోపలికి దూసుకొచ్చేవాడు. చోటు పేరు మారిందిగాని వాడి ఆట మారలేదు. 1960లో రోములో హంగేరీతో 2-1తో ఓడినప్పుడు మన ఒక్క గోలు బలరాందే. కుడివైపు పి.కె. బెనర్జీ, ఎడమవైపు బలరాం, నడుమ చునీ. ఈ ముగ్గురూ ఒకరి దారికి ఒకరు అడ్డం రాకపోవడమే గురువుగారి ఘనత అని మా అభిప్రాయం.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండుపై 4-1, జపానుపై 2-0. జపానుపై గోళ్ళు పి.కె., బలరాం చేసినవి. థాయిలాండుతో ఆటలో డిఫెండరు జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడితే ప్రతి బంతికీ తల పెట్టాలి. మరొకరైతే విశ్రాంతి ఇచ్చేవారు. రహీం సాహెబు ఆయన్ను సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో నెగ్గినప్పుడు ఒక గోలు జర్నైల్‌ది, రెండు చునీవి. సెప్టెంబరు 4న ఫైనలు. తైవాను, ఇజ్రాయెలు జట్లను రానివ్వలేదని మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు ఇండోనేషియా జనం మనపై మండిపడుతున్నారు. స్టేడియమంతా ఎదురుకేకలే. ఆ హోరులో పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు. కొరియా చివరి నిమిషాల్లో ఒక్కటే తీర్చగలిగింది. 2-1తో బంగారం మనదైంది. 1970లో బ్యాంకాకులో కంచు వచ్చిందిగాని, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మళ్ళీ రాలేదు.

రహీం సాహెబు అప్పటికే ఆరోగ్యం చెడినవారు. ఊపిరితిత్తుల కేన్సరుతో 1963 జూన్ 11న అల్లాహ్ సన్నిధికి చేరారు. వయసు 53. వారి కుమారుడు ఎస్.ఎస్. హకీం గారు కూడా 1960 ఒలింపిక్ జట్టు సభ్యులే, 2021లో గతించారు. 2024లో రహీం సాహెబు మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది. మన ఇళ్ళలో పిల్లలు చూసి ఆయన ఎవరని అడగడం మాకు సంతోషం కలిగించింది.

గురువుగారు పోయిన ఆ 1963లోనే బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు నిండా ఇరవై ఏడేళ్ళు కూడా లేవు. ఆ తర్వాత బెంగాలులోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.