బ్యాంకు గుమాస్తా గీసిన బొమ్మలు

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. బొమ్మల పుస్తకం చేతికిస్తే వాళ్లు అక్షరాల వంక చూడరు. ముందు బొమ్మ చూస్తారు. ఆ బొమ్మలో ఓ మూలన ఉన్న కుక్కపిల్లమీద వేలు పెట్టి, ఇదేం చేస్తోందని మనల్నే అడుగుతారు. మాటల్లో లేని కథను బొమ్మలో చదువుతారు. పిల్లల ఈ చూపును దాదాపు 150 ఏళ్ల కిందటే గుర్తించి, దానికి తగిన పుస్తకాలు వేసిన ఒక చిత్రకారుని జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం. ఆయన పేరు రాండాల్ఫ్ కాల్డెకాట్.

ఆయన 1846 మార్చి 22న ఇంగ్లాండులోని చెస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి టోపీల వ్యాపారి. చిన్నతనంలోనే కీళ్లవాతపు జ్వరం సోకి బాలుని గుండె బలహీనపడింది. ఆ జబ్బు జీవితాంతం ఆయనను వదలలేదు. అయినా ఆ పిల్లవాడు ఊరకే కూర్చోలేదు. కనబడిన జంతువునల్లా కాగితంమీద గీసేవాడు, కొయ్యతో చెక్కేవాడు.

బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా? ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ వినబడేదే. పదిహేనేళ్లకు చదువు ముగించి, 1861లో విట్‌చర్చ్ అనే చిన్న ఊళ్లో బ్యాంకు గుమాస్తాగా చేరాడు. ఊరి వెలుపల ఒక రైతు ఇంట్లో బస. తీరిక దొరికితే గుర్రమెక్కి పొలాల వెంట తిరిగేవాడు. సంతకు వెళ్లేవాడు. గుర్రాలు, వేటకుక్కలు, బాతులు, లావుపాటి రైతులు, అన్నీ ఆయన కళ్లలో నిలిచిపోయాయి. 1867లో మాంచెస్టర్ బ్యాంకుకు మారాడు. పగలు లెక్కలు, సాయంత్రం చిత్రకళా పాఠశాల. బ్యాంకు కవర్ల వెనుక కూడా బొమ్మలే!

1872లో ఆయనకు 26 ఏళ్లు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం ఒకవైపు, ఏ భరోసా లేని బొమ్మలపని మరొకవైపు. పైగా ఒంట్లో జబ్బు. మీరైతే ఏం చేసేవారు? ఆయన ఉద్యోగం మానేసి లండను చేరాడు. పత్రికలకు బొమ్మలు వేసి పొట్టపోసుకున్నాడు. వాషింగ్టన్ ఇర్వింగ్ రచనలకు 1875, 1876 సంవత్సరాలలో వేసిన బొమ్మలతో పేరు వచ్చింది.

వాటిని చూసిన ఎడ్మండ్ ఎవాన్స్ అనే రంగుల ముద్రాపకుడు పిల్లల పుస్తకాలు వేద్దామని ఆయన్ని కలిశాడు. చెక్కుడు, కాగితం, అచ్చు ఖర్చు ఎవాన్స్‌ది. బొమ్మలకు ఒక్కసారిగా ఇంత అని సొమ్ము తీసుకోకుండా, అమ్మిన ప్రతి పుస్తకానికి కొంత వాటా తీసుకునేందుకు కాల్డెకాట్ ఒప్పుకున్నాడు. పుస్తకం అమ్ముడుపోకపోతే ఆయనకు దక్కేది ఏమీ లేదు. పిల్లలమీద అంత నమ్మకం!

ఆ రోజుల్లో రంగుల బొమ్మ అచ్చువేయడం తేలిక కాదు. కాల్డెకాట్ కలంతో గీసిన బొమ్మను కొయ్యదిమ్మెమీదికి ఎక్కించి పనివారు చెక్కేవారు. దాని అచ్చు ప్రతికి ఆయన రంగులు వేసి ఇచ్చేవాడు. దాన్నిబట్టి ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె చెక్కి, ఒకదానిపై ఒకటి అచ్చుకొట్టేవారు. మొత్తం ఆరు దిమ్మెలు. అందుకే ఆయన తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడం అలవరచుకున్నాడు. అక్కరలేని గీత ఒక్కటీ ఉంచేవాడు కాదు.

1878 క్రిస్మసుకు మొదటి రెండు పుస్తకాలు వెలువడ్డాయి. వెల ఒక్కొక్కటి ఒక షిల్లింగు. పదివేల ప్రతులు, మళ్లీ అచ్చువేసేలోగానే, అయిపోయాయి. అప్పటినుండి 1885 వరకు ఏటా రెండేసి, మొత్తం 16 పుస్తకాలు వచ్చాయి.

వాటి గొప్ప ఏమిటంటారా? మన పిల్లలు ఇంగ్లీషు బడిలో నేర్చుకునే హే డిడిల్ డిడిల్ గేయమే తీసుకోండి. పళ్లెం చెంచాతో కలిసి పారిపోవడంతో గేయం ముగుస్తుంది. కాల్డెకాట్ అక్కడ ఆగలేదు. మాటలు లేని మరో బొమ్మ వేశాడు. పళ్లెం ముక్కలై నేలమీద పడి ఉంటుంది. కత్తి, ఫోర్కు కలిసి చెంచాను తీసుకుపోతుంటాయి. వాళ్లు చెంచా తల్లిదండ్రులని ఎవరూ చెప్పనక్కరలేదు! అదే పుస్తకంలో మరో గేయం ఉంది. తండ్రి పాపకు కుందేలు చర్మం తేవడానికి వేటకు వెళతాడు. వేట దొరకదు. చివరకు దుకాణంలో కొనుక్కొస్తాడు. ఆ చర్మం తొడుక్కొని తల్లితో షికారుకెళ్లిన పాప ఎదుట గట్టుమీద నిజం కుందేళ్లు కనబడతాయి. పాప వాటిని, అవి పాపను చూస్తాయి. అంతే. నవ్వించిన బొమ్మే మనసును కలుక్కుమనిపిస్తుంది.

1880లో ఆయనకు మేరియన్ బ్రిండ్‌తో వివాహమైంది. వారికి సంతానం కలగలేదు. చలికాలం వస్తే ఆరోగ్యంకోసం వెచ్చని దేశాలకు పోవలసి వచ్చేది. 1885 చివర ఒక పత్రికకు బొమ్మలు గీయడానికి భార్యతో అమెరికా వెళ్లాడు. ఎండకోసం వెళ్లిన ఫ్లోరిడాలో ఆ ఏడు చలి విపరీతమైంది. 1886 ఫిబ్రవరి 13న సెయింట్ అగస్టీన్ పట్టణంలో కన్నుమూశాడు. వయస్సు 39. సమాధి కూడా అక్కడే ఉంది.

ఆయన పేరిట అమెరికా గ్రంథాలయ సంఘం ఏటా మేటి బొమ్మల పుస్తకానికి పతకం ఇస్తోంది. 1938లో మొదటి పతకం అందుకున్నది బైబిలులోని జంతువులపై వచ్చిన పుస్తకానికి బొమ్మలు వేసిన డొరొతీ లాత్రప్. పతకంమీద కాల్డెకాట్ గీసిన జాన్ గిల్పిన్ గుర్రంమీద అదుపు తప్పి దౌడు తీస్తుంటాడు.

ఆలోచించండి. పరుగెత్తడానికి గుండె సహకరించని మనిషి గీసిన ప్రతి బొమ్మా పరుగెడుతుంది, ఎగురుతుంది, నవ్వుతుంది. ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దామని ఆయన అనుకొని ఉంటే ఆ 16 పుస్తకాలు ఉండేవి కావు. బిడ్డలు లేని ఆ మనిషి ఎందరి బిడ్డలనో నవ్వించాడు.

రేపు మీ అబ్బాయి లెక్కల నోటుపుస్తకం వెనుక బొమ్మ గీస్తే వెంటనే కసరకండి. ఒక్క నిమిషం పక్కన కూర్చొని, ఇందులో ఏం జరుగుతోందో చెప్పమని అడగండి. వాడు చెప్పేది వినండి. లెక్కలు ఆ తరువాత చేయించవచ్చు.