కోకా సుబ్బారావు – అయిదొందల ఎకరాల కేసు

చిల్కానగర్ నుంచి మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు పదిమైళ్ళు కూడా ఉండదు. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన కూలిజనంలో ఊళ్ళో గుంట భూమి లేక వచ్చినవాళ్ళు ఎందరో. ఆ హైకోర్టుకు 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు, మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయన తర్వాత ఢిల్లీలో ఇచ్చిన ఒక తీర్పుకూ, ఆ గుంట భూమికీ సంబంధం ఉంది. అందుకే ఆయన సంగతి చెప్పుకుందామనుకున్నాం.

1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి, ప్లీడరీ చేసి, 1948లో అక్కడి హైకోర్టు జడ్జీ అయ్యారు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకూ తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

ఆయనది మెత్తని గుండె కాదని ఎవరూ అనలేరు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలు తప్పన్నది గాని మిగతా నిఘాను ఉండనిచ్చింది. మొత్తం నిఘాయే చెల్లదని తేల్చినవారిలో సుబ్బారావు ఒకరు. అప్పుడది మైనారిటీ మాట. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు అదే సరైనదన్నారు. పోలీసు నిఘా అంటే ఏమిటో మన కార్యకర్తలకు చెప్పాలా?

కాని భూమి దగ్గరకొచ్చేసరికి కథ మారింది.

అప్పట్లో ఆస్తిహక్కు కూడా ప్రాథమిక హక్కే. దాన్ని పట్టుకొని జమీందార్లు కోర్టుకెక్కారు. 1951లో పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణ చట్టాన్ని కొట్టేసింది. వెంటనే పార్లమెంటు మొదటి సవరణ తెచ్చి తొమ్మిదో షెడ్యూలు పెట్టింది. అందులో చేరిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులు కొట్టేయడానికి అప్పట్లో వీల్లేదు. తొలి 13 చట్టాల్లో మన హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషను ఒకటి. 1964లో మరో 44 చేరాయి, 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టంతో సహా. (ఆ చట్టంలో ఎన్ని లొసుగులో అది వేరే కథ.)

పంజాబులో జలంధరు దగ్గర గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాల పైచిలుకు ఉండేది. మనిషికి 30 ఎకరాలు పోను మిగిలింది మిగులు భూమి అన్నారు. వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967 ఫిబ్రవరి 27న 11మంది జడ్జీల్లో ఆరుగురు, సుబ్బారావు ముందుండి, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తేల్చారు. అయితే ఈ మాట ఇకముందుకే వర్తిస్తుందన్నారు. కాబట్టి పాత చట్టాలు నిలిచాయి, గోలక్‌నాథులకు భూమి తిరిగి రాలేదు. రేపటి చట్టాలకు మాత్రం తలుపు మూసుకుపోయింది. ఓటేసి పంపిన సభ పెద్దదా, ఆరుగురు జడ్జీలు పెద్దా అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. పోలీసు తట్టే తలుపునూ భూస్వామి పట్టానూ ఒకే గాటన కట్టడమే ఆయన చేసిన పొరపాటని మా అభిప్రాయం.

సుమారు ఆరు వారాలకే ఆయన రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. హైదరాబాదులోనే పుట్టిన జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. తీర్పిచ్చిన వెంటనే ఎన్నికలకు దిగడం మాకు నచ్చదు.

1971లో 24వ సవరణ వచ్చింది. 1973లో కేరళ మఠాధిపతి కేశవానంద భారతి వేసిన భూమి కేసులోనే 13మంది జడ్జీలు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టారు. సభ ఏ అధికరణనైనా సవరించవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపరాదు అన్నది ఏడుగురి మాట. ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసిన 44వ సవరణ 1978లో వచ్చింది. దాన్ని చూడటానికి సుబ్బారావు లేరు.

ఆయన భయపడిన రోజు మాత్రం చూశారు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, జైల్లో పెట్టినవాళ్ళు కోర్టు తలుపు తట్టడానికి వీల్లేదని సుప్రీంకోర్టే చెప్పింది. అయిదుగురిలో ఒక్కరే కాదన్నారు. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు కన్నుమూశారు.